ఎనుము ఒప్పుకున్న ఎర్తు

యౌవనంలో ఒక్కొక్కరికి ఒక్కో జబ్బు ఉంటుంది. ఆ రోజుల్లో నాకున్న జబ్బు రుజువు అడగడం. కర్నూలు మనకు రాజధానిగా ఉండి, సర్కారు కచేరీలు గుడారాల్లో నడుస్తున్న కాలమది. నేను భౌతికశాస్త్రంలో పట్టా పుచ్చుకొని, కడపలో ఒక కాలేజీలో డిమాన్‌స్ట్రేటరుగా కొత్తగా చేరాను. ఎవరేం చెప్పినా ‘కొలిచి చూశారా?’ అని అడగడం నా వాడుక. వేడి పాలు ముందు తోడుకుంటాయా, గోరువెచ్చని పాలా అని వంటింట్లో మాట వస్తే, రెండు గిన్నెలూ ఒక గడియారమూ ముందేసుకొని కూర్చునేవాణ్ణి. మైదుకూరు దగ్గర మా బావ పొలంలో బావి తవ్వేందుకు అరచేతిలో కొబ్బరికాయ నిలబెట్టి జల చూసే మనిషి వస్తే, అతని కళ్లకు తువ్వాలు కట్టి ఒకే చేలో మూడుసార్లు నడిపించాను. మూడుసార్లూ మూడు వేర్వేరు చోట్లు చూపాడు. నేను విజయగర్వంతో ఆ సంగతి నోటుపుస్తకంలోకి ఎక్కిస్తుండగా, బావ మూడో చోట తవ్వించాడు. నీళ్లు పడ్డాయి. (ఆ పేజీలో ‘నిర్ణయం’ అన్న మాట కింద ఈనాటికీ ఏమీ రాయలేకపోయాను.) ఇంత జాగ్రత్త గల నేను, ఒక్క మనిషి మాటను మాత్రం కొలవకుండా నమ్మాను. ఆ మనిషి నేనే. దాని ఫలితమే ఈ కథ.

నేను ఉండేది కడపలో అక్కావాళ్లింట్లో. బావ వేరుశనగ వ్యాపారి. మార్కెట్టులో కనపడ్డ ప్రతి కొత్త యంత్రమూ తన కోసమే పుట్టిందనుకొనే మనిషి. ఆ వీధిలో అందరికన్నా ముందు కరెంటు పెట్టించుకొన్నది ఆయన. పెరటి బావి మీద చెక్కపీట వేసి, దాని మీద పంపుతో సహా ఒక చిన్న మోటారును కూర్చోబెట్టిందీ ఆయనే. ఇంట్లో నాలుగో మనిషి బావ తల్లి. నాకు అత్త. ఇంటి పెత్తనమూ, పెరట్లోని ఎనుమూ ఆమెవి. (గేదెను మా వైపు ఎనుము అంటాం. ఈ కథలో అది ముఖ్యమైన వ్యక్తి కాబట్టి దాని ఇంటిపేరుతోనే పిలుస్తాను.) అప్పటికి అక్కకు అయిదో నెల.

ఒకరోజు పొద్దున అక్క నాకు కాఫీ ఇస్తూ, ఎండ ఎక్కువగా ఉందని చెప్పినంత మామూలుగా, “మోటారు ముట్టుకుంటే జిమ్ముమంటాంది రా” అంది. ఎన్నాళ్లనుంచి అని అడిగితే, సంక్రాంతి పండగ వెళ్లినప్పటినుంచి అంది. ఎవరికీ చెప్పలేదా అంటే, అందరికీ తెలుసంది. నిజంగానే అందరికీ తెలుసు. అత్త దానికి విరుగుడు కనిపెట్టుకొంది: పంపులో చెంబుతో నీళ్లు నింపేటప్పుడు ఇంకో చెక్కపీట వేసుకొని దాని మీద నిలబడుతుంది. బావ దాన్ని మోటారు ఆరోగ్యానికి గుర్తుగా లెక్కేశాడు. “ఉషారైన మోటారు బామ్మర్దీ, మనిషి చెయ్యి తగిలితే గుర్తుపడతాండాది” అన్నాడు.

నేను కాలేజీనుంచి వోల్టు మీటరు తెచ్చి, మోటారు ఒంటికీ కింది తడి బండకూ మధ్య పెట్టి చూశాను. ముల్లు అరవై దాటి నిలిచింది. నా గుండె దానికన్నా పైకి వెళ్లింది. మోటారు ఒంటిని భూమితో కలపవలసిన ఎర్తు తీగ ఎక్కడికి పోయిందా అని వెతికితే, అది గోడకు కొట్టిన మేకుకు ముచ్చటగా చుట్టి ఉంది. బావిలోకి దిగింది రబ్బరు గొట్టం. అంటే మోటారు మీదికి దిగిన కరెంటుకు భూమిలోకి పోవడానికి ఆ ఇంట్లో ఉన్న దారి ఒక్కటే: పంపును ఒక చేత్తో పట్టుకొని, రెండో చేత్తో చెంబెడు నీళ్లు పోస్తూ, తడి బండ మీద ఉత్తకాళ్లతో నిలబడే మా అక్క.

ఫీజు ఉంది కదా, ఎగిరిపోతుంది కదా అని బావ వాదం. ఫీజు కాలేది తీగను కాపాడటానికి, మనిషిని కాపాడటానికి కాదని నేను రెండు రోజులు చెప్పాను. మనిషి ప్రాణం తీయడానికి సరిపోయే కరెంటు ఫీజుకు చీమ కుట్టినట్టు కూడా ఉండదు. మోటారును మద్రాసు పంపి లోపలి రాగి తీగ కొత్తగా చుట్టించుకొద్దామంటే, నెల రోజులు నీళ్లెవరు తోడాలని అత్త అడిగింది. చివరికి, ఆ వీధికంతటికీ కరెంటు పని చేసే పెద్దమనిషిని పిలిపించాం. ఆయన పేరు ఎవరికీ పట్టేది కాదు. అందరూ ఫీజుల సాయిబు అనేవారు. చదువు లేదు, వేలి వెనక భాగంతో ముట్టి ఏ తీగలో ప్రాణముందో, ఏ తీగలో లేదో చెప్పేవాడు. (ఆ పద్ధతి తప్పని నేను ఆయనకు చెప్పాను. ఇరవై ఏళ్లుగా తప్పే చేస్తాండా సారూ అన్నాడు.) ఆయన మోటారును విప్పి, ఎండబెట్టి, వార్నీషు పూసి బిగించాడు. ముల్లు అయిదారుకు దిగింది. అందరూ ఊపిరి పీల్చుకొన్నారు. నేను మాత్రం పీల్చుకోలేదు. ఇవాళ వార్నీషు ఉంది; రేపు వానో, ఎలుకో, ఎండో దాన్ని తినేస్తుంది. ఆ రేపు ఏ రోజో నాకు తెలియదు. ఆ రోజు పంపును పట్టుకొని ఉండేది ఎవరో మాత్రం తెలుసు.

అప్పుడు నేను ఒక పుస్తకంలో చదివిన ట్రిప్పు పెట్టెను గురించి తెలిసినవాళ్లకు రాసి, మద్రాసులో పాత విద్యుత్ సామాన్లు అమ్మే అంగడినుంచి తెప్పించాను. ఇప్పటి పిల్లలకు ఇలాంటివి అరచేతిలో ఇమిడే తెల్లటి డబ్బాలుగా తెలుసు. అప్పటిది ఇనుప పెట్టె. నల్లగా, బరువుగా, ఒక చిన్నపాటి అర్చకుడంత గంభీరంగా ఉండేది. దాని పని తేలిక. మోటారు ఒంటినుంచి ఒక తీగ ఆ పెట్టెలోని రాగి చుట్టలోకి వస్తుంది. చుట్టనుంచి ఇంకో తీగ భూమిలోకి పోతుంది. మోటారు మీదికి కరెంటు దిగితే అది ఈ దారిన భూమిలోకి పోతూ ఒక కొక్కేన్ని లాగుతుంది. టక్కున ఇంటి కరెంటంతా ఆగిపోతుంది; దాన్నే పెట్టె ‘కొట్టడం’ అనేవాళ్లం. పరీక్షించుకోవడానికి ఒక మీట కూడా ఉంటుంది. నొక్కితే ఉత్తుత్తి లోపం ఒకటి సృష్టించి, దారి సరిగా ఉందో లేదో చెబుతుంది. ఒక్కటే షరతు. ఆ చివరి తీగ తడి నేలలో దిగాలి. నేల ఆ కరెంటును పుచ్చుకోకపోతే పెట్టె కొట్టదు.

వసారాలో ఉన్న పాత టేకు చెక్కనూ, దాని మీది రెండు పింగాణీ ఫీజులనూ, నూలు చుట్టిన తీగలనూ పీకేసి, కొత్త మెయిన్ స్విచ్చి, ఫీజుల పెట్టె, దాని పక్కన ఈ ట్రిప్పు పెట్టె బిగించడం రెండు రోజుల్లో అయింది. మూడో రోజు నేలను గురించి వాదం మొదలైంది. పుస్తకంలోని ఆ ‘తడి నేల’ అన్న మాటను నేను చదివి వినిపిస్తే సాయిబు పెరట్లోంచి పిడికెడు మట్టి తీసి వేళ్ల సందుల్లోంచి జారవిడిచాడు.

“తడి యాడుండాది సారూ ఈ వూర్లో?”

నేను దానికీ పుస్తకంలోంచే సమాధానం చెప్పాను. ఇతర ఇనుప సామానుకు దూరంగా, పెరటి కొసన, నిలువెత్తు గుంత తవ్వించాను. అందులో ఇనుప గొట్టం నిలబెట్టి, చుట్టూ బొగ్గులూ ఉప్పూ పొరలు పొరలుగా పోయించి, రోజూ రెండు బిందెల నీళ్లు పోయాలన్నాను. అత్త వచ్చి గుంతలోకి తొంగి చూసింది. కడుపుతో ఉండే మనిషి ఇంట్లో గుంత తీసి బొగ్గులూ ఉప్పూ పూడ్చేది ఏం శాస్త్రమప్పా, నువ్వు చదివిన కాలేజీలో ఇదేనా నేర్పింది, అని అడిగింది. దోషమేమీ లేదని, ఇది ఆ కడుపులోని బిడ్డ కోసమే అని చెబితే, సరేనంది గానీ, ఆ రాత్రి దిష్టి తీసి ఆ గుంతలోనే పారేసింది. (నేను కొలిచి చూశాను. దానివల్ల తడి పెరగలేదు, తగ్గలేదు.)

మొదటి పరీక్ష సాయంకాలం, ఇరుగుపొరుగు ఎదుట జరిగింది. నేను మీట నొక్కాను. టక్కుమని దీపాలూ బావ రేడియో ఆరిపోయాయి. ఆ తర్వాత సాయిబు చిన్న బల్బు గుండా మోటారు మీదికి కొంచెం కరెంటు వదిలాడు. మళ్లీ టక్కు. అక్క చప్పట్లు కొట్టింది. రేడియోలో వార్తలు పోయినందుకు బావ మాత్రం నొచ్చుకొన్నాడు. ఆ రాత్రి నేను నోటుపుస్తకంలో ‘నిర్ధారణ అయినది’ అని రాసి, కింద రెండు గీతలు గీశాను. ఆ గీతలు తలచుకొంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. ప్రపంచంలో ఏ ప్రయోగమైనా రెండు సార్లు, వేర్వేరు కాలాల్లో చేయందే నమ్మని వాణ్ణి, చలికాలపు నేల మీద చేసిన ఒక్క ప్రయోగంతో వేసవిని కూడా గెలిచాననుకొన్నాను.

మే నెలలో పరీక్షల పనికి నన్ను పది రోజులు కర్నూలు పంపారు. అప్పటికి అక్కకు ఏడో నెల దాటింది. బావిలో నీళ్లు అడుగంటాయి. వెళ్లే ముందు నేను వసారా గోడ మీద బొగ్గుతో పెద్ద అక్షరాల్లో ఆజ్ఞలు రాశాను. ఒకటి, గుంతకు రోజూ రెండు బిందెలు. రెండు, అక్క మోటారు దగ్గరికి పోకముందే మీట నొక్కి, పెట్టె కొడితే పుస్తకంలో గుర్తు పెట్టాలి. మూడు, మోటారు వేసినప్పుడు పెట్టె దానంతట అది రెండు సార్లు కొట్టేస్తే, ఇక ఎవరూ మోటారును ముట్టరాదు, సాయిబును పిలవాలి. నోటుపుస్తకం అక్క చేతికిచ్చి, ఒట్టు పెట్టించుకొన్నాను. ఆమె నవ్వి, “పరీక్షలకు పోయేది నువ్వా నేనా?” అంది.

రాజధాని అయినప్పటినుంచి కర్నూలులో గది దొరకడం కచేరీ ఉద్యోగం దొరకడంకన్నా కష్టంగా ఉండేది. ముగ్గురు గుమాస్తాలున్న గదిలో నాలుగో చాప నాది. కోసిగినుంచి కూలికి వచ్చిన ఒకాయన, గది వెనక మరుగుదొడ్డి కోసం గుంత తవ్వుతూ, మూడడుగుల లోతున కూడా నేల సున్నంలా పొడిగా ఉందని, “నేలలో సత్తువే లేదు సామీ” అని ఉత్తినే అన్నాడు. ఆ మాట నాకు నిద్ర లేకుండా చేసింది. కొలవకుండా ఎట్లా ఉండను? కాలేజీ ప్రయోగశాలలో బతిమాలి ఒక మీటరూ రెండు ఇనుప కడ్డీలూ తెచ్చి, గది వెనక నేలలో దిగేసి, రెండు బిందెల నీళ్లు పోసి, గంట గంటకూ కొలవడం మొదలుపెట్టాను. (ఆ నీళ్లు గుమాస్తాల స్నానానికి దాచుకొన్నవి. ఆ విషయంలో వాళ్లు నాతో పంచుకొన్న అభిప్రాయాలు ఇక్కడ రాయదగినవి కావు.) సాయంకాలం నేల బాగానే కరెంటును పుచ్చుకొంది. మర్నాడు మధ్యాహ్నానికి, నీళ్లు పోయనట్టే అయిపోయింది.

నేను ఆ కడ్డీల ముందు గొంతుకూర్చొని, కడపలోని నా గుంతను ఊహించుకొన్నాను. ఒక్క రోజు, ఒక్కటంటే ఒక్క రోజు నీళ్లు తప్పితే ఆ నల్ల పెట్టె గోడకు వేలాడే ఇనుప ముద్ద. దానికన్నా ఘోరం, అది ఉందన్న ధైర్యంతో అక్క ఆ మోటారును జంకకుండా ముట్టుకుంటుంది. అంటే నేను ఆమెకు రక్షణ ఇవ్వలేదు. ఉన్న భయాన్ని తీసేశాను. ఉత్తరం చేరడానికి రెండు రోజులు పడుతుంది. నేను పరుగున పోయి టెలిగ్రాం ఇచ్చాను: ‘గుంతకు నీళ్లు తప్పకుండా పోయండి. జవాబు రాయండి.’

ఇది ఆ పది రోజుల్లో నేను చేసిన అన్ని పనుల్లోకీ తెలివితక్కువ పని. ఆ కాలంలో ఇంటికి టెలిగ్రాం వచ్చిందంటే ఎవరో పోయారని అర్థం. తంతి జవాను గడపలో నిలబడగానే అత్త దాన్ని విప్పక ముందే నా పేరు తలచుకొని శోకాలు మొదలుపెట్టిందట. వీధి వీధంతా గుమిగూడిందట. అక్క చెమటలు పట్టి గోడకు ఆనుకొని కూలబడిందట. ఆమెకు ఏ హానీ జరగకూడదని పంపిన తంతి ఆమెను నెలలు నిండకుండానే ఆసుపత్రికి పంపినంత పని చేసింది. ఎవరో చదువుకొన్నాయన విప్పి, ఇంగ్లీషులో ఉన్నది తెలుగులో చెప్పాక, అత్త కళ్లు తుడుచుకొని, నేను బతికి ఉన్నందుకు మొదటిసారిగా నన్ను తిట్టిందట. ఇవన్నీ నాకు తర్వాత తెలిశాయి. నాకు అప్పుడు చేరింది అక్క రాసిన కార్డు మాత్రమే: ‘చిరంజీవి తమ్ముడికి ఆశీస్సులు. టెలిగ్రాం అందింది. మేమందరమూ క్షేమం. మీట ప్రతిదినమూ నొక్కుతున్నాను. పెట్టె కొట్టుచున్నది. గుర్తులు పెట్టుచున్నాను. నీవు వేళకు తినవలెను.’

ఇతరులైతే దీనితో నిశ్చింతగా నిద్రపోయేవారు. నేను ఆ కార్డును నాలుగుసార్లు చదివాను. నీళ్ల మాట లేదు. అడిగింది నీళ్ల గురించి. చెప్పింది గుర్తుల గురించి. మా అక్క అబద్ధం ఆడదు. ఆడవలసి వచ్చినప్పుడు ఆ వాక్యాన్ని రాయకుండా వదిలేస్తుంది. నీళ్లు పోయడం లేదన్నమాట. నీళ్లు పోయకుండా పెట్టె కొట్టదు. కొట్టకుండా గుర్తులెట్లా వస్తాయి? నన్ను ఊరడించడానికి పెడుతున్న దొంగ గుర్తులన్నమాట. మిగిలిన నాలుగు రోజులూ నేను పిల్లల ప్రయోగాలకు ఏం మార్కులు వేశానో నాకు గుర్తు లేదు. వాళ్లెవరైనా ఈ పుస్తకం చదివితే, ఎక్కువ పడ్డవాళ్లు మౌనంగా ఉండవలసిందిగానూ, తక్కువ పడ్డవాళ్లు క్షమించవలసిందిగానూ ప్రార్థన.

తిరుగు ప్రయాణంలో బస్సు మైదుకూరులో ఆగింది. దిగి చూస్తే, టీ అంగడి బల్ల మీద ఫీజుల సాయిబు కనిపించాడు. ఏదో వేరుశనగ మిల్లులో పనికి వచ్చాడట. ఎప్పుడూ ముందు తనే పలకరించే మనిషి, నన్ను చూసి తల తిప్పుకొన్నాడు. దగ్గరికి పోయి, మా అక్క ఎట్లా ఉందని అడిగాను.

“బాగనే ఉండాది సారూ. అందరూ బాగనే ఉండారు” అన్నాడు, గ్లాసులోకి చూస్తూ.

“మోటారు?”

“అది నన్నడగద్దు సారూ. మీ ఇంటి పెద్దమ్మ నాతో ఒట్టు ఏపిచ్చుకునింది. ఇంటికి పో. నువ్వే చూస్తావు.”

మైదుకూరునుంచి కడపకు ఆ రోజు బస్సు పట్టిన కాలాన్ని నేను గడియారంతో కొలవలేదు. కొలిచి ఉంటే నమ్మేవాణ్ణి కాదు.

ఇంట్లోకి అడుగు పెట్టేసరికి అక్క వసారాలో కాళ్లు చాపుకొని వేరుశనక్కాయలు ఒలుచుకొంటోంది. ఆమెను తల నుంచి పాదాల దాకా చూశాను. మనిషి మనిషిలాగే ఉంది. నేను పలకరించకుండా నేరుగా పెరట్లోకి పోయాను. బావి మీద చెక్కపీట ఉంది. దాని మీద మోటారు లేదు. నాలుగు బోల్టుల రంధ్రాలు నావైపు చూస్తున్నాయి. పెరటి కొసకు పరుగెత్తాను. గుంత ఎండి, పైన ఉప్పు తెల్లగా పేలి, మధ్యలో బెత్తెడు పగులు తీసి ఉంది. దాంట్లో నీళ్లు పడి పది రోజులైనా అయి ఉంటుంది. తిరిగి వసారాలోకి వచ్చి నోటుపుస్తకం తీశాను. రోజుకొకటి చొప్పున పది గుర్తులు, అక్క ముత్యాల్లాంటి చేతిరాతతో, ఒక్కటి తప్పకుండా ఉన్నాయి.

నాకు పట్టరాని కోపం వచ్చింది. కోపం అని అప్పుడు అనుకొన్నాను, అది భయం. ఇవి దొంగ గుర్తులా అని అడిగాను, ఎవర్ని మోసం చేద్దామని పెట్టావని అడిగాను. కడుపుతో ఉన్న అక్కను, జీవితంలో మొదటిసారి, గొంతు పెంచి అడిగాను. ఆమె ఒలిచిన గింజలు చేటలో పోసి, నిదానంగా అంది:

“మీట నీ ఎదురుగానే ఉండాది గదరా. నొక్కు.”

నొక్కాను. టక్కుమంది.

మళ్లీ వేసి, మళ్లీ నొక్కాను. మళ్లీ టక్కు. చలికాలంలో కొట్టినదానికన్నా చురుగ్గా కొట్టింది. పొడిబారిన గుంతతో ఆ పెట్టె కొట్టడం భౌతికశాస్త్రానికి విరుద్ధం. (ఆ క్షణంలో అక్కమీదా, పెట్టెమీదా కాక, భౌతికశాస్త్రం మీద అనుమానం వచ్చిందని ఒప్పుకొంటున్నాను.) చివరికి, మొదటే చేయవలసిన పని చేశాను. పెట్టెలోంచి బయటికొచ్చే తీగను పట్టుకొని దాని వెంట నడిచాను. అది గోడ దిగి, పెరట్లోకి పోయి, నా గుంత దిక్కు తిరగకుండా, కుడివైపుకు మలుపు తీసుకొని, పశువుల కొట్టం పక్కన నేలలోకి దిగిన ఒక ఇనుప గొట్టం దగ్గర ఆగింది. చుట్టూ నేల నల్లగా, ఏడాది పొడుగునా ఆరని తడితో మెరుస్తోంది. కాస్త దూరంలో ఎనుము నెమరు వేస్తూ నన్ను చూసింది.

“రెండు బిందెలు నీ గుంతకు పోసి, ఎనుముకు ఏం పోయమంటావు అబ్బయా?” అని అత్త వెనకనుంచి అంది. “నువ్వు పోయిన మర్నాడే సాయిబును పిలిపిచ్చినా. మా అయివారి తీగకు తడి గావాల్నంట, ఉప్పు గావాల్నంట. ఆ రెండూ మా ఎనుము దినామూ పోస్తాంది గదప్పా, ఈడ దించమన్న్యా. నీకు చెప్తే ఒప్పుకోవని చెప్పలే.”

నిజమే, ఒప్పుకొనేవాణ్ణి కాదు. పుస్తకంలో ఎనుము ఉచ్చ ప్రసక్తి లేదు. సాయిబు ఆ తీగను దించి, కరెంటు తీగకూ ఈ గొట్టానికీ మధ్య బల్బు పెట్టి చూశాడట. నా గుంతతో మినుకుమన్న బల్బు ఇక్కడ పెళ్లి పందిరిలో వెలిగినట్టు వెలిగిందట. అప్పటికీ నేను ఊరుకోక, ఇతర ఇనుప సామానుకు ఎంత దూరమో అడుగులతో కొలిచాను. పుస్తకం అడిగినదానికన్నా నాలుగడుగులు ఎక్కువే ఉంది. కొంచెం తక్కువుంటే బాగుండుననిపించింది.

వసారాలోకి తిరిగి వచ్చి అడిగాను, మోటారు ఏమైందని. అక్క చెప్పింది, కాయలు ఒలుస్తూనే. నేను వెళ్లిన ఏడో రోజు పొద్దున బావకు మైదుకూరు మార్కెట్టుకు పొద్దుపోతోంది. అక్క మీట నొక్కి, గుర్తు పెట్టి, పెట్టె మళ్లీ వేసి, బావి దగ్గరికి పోయింది. ఎడమ చేత్తో పంపును పట్టుకొని, కుడి చేత్తో నీళ్లు పోస్తోంది. చెంబు పక్కన పెట్టి, అత్త వేసిన పీట ఎక్కి, ‘వేయండి’ అని కేకేశాక వేయడం ఆ ఇంటి వాడుక. బావ ఆ కేక కోసం ఆగలేదు, వేసేశాడు. “తేలు ముట్టి వదిలేసినట్లయింది రా. అంతలోనే టక్కుమని సద్దొచ్చింది” అంది అక్క. చెంబు బావిలో పడింది. బావ విసుక్కొని పెట్టె మళ్లీ వేశాడు, మళ్లీ టక్కు. ఈసారి దాని కొక్కేన్ని చేత్తో నొక్కిపట్టి మోటారు వేస్తానన్నాడు. అక్క తడి చేతులతోనే వచ్చి ఆయన ఎదురుగా నిలబడి, గోడ మీద నేను రాసింది చదవమంది. ఆయన చదివాడు. మూడో ఆజ్ఞ దగ్గర ఆగాడు. సాయిబు వచ్చి మోటారు విప్పి చూస్తే, లోపల తీగ కాలి ఇనుముకు అంటుకొని ఉందట. బావ అది చూసి, ఆ రోజు మార్కెట్టుకు పోలేదట, అన్నమూ తినలేదట. నాకు తెలిస్తే పరీక్షలు వదిలేసి వస్తానని అందరి చేతా అత్త ఒట్టు వేయించుకొంది.

నేను వసారా మెట్టు మీద కూర్చొన్నాను. తీగ నా గుంతలోనే ఉండి ఉంటే, నేను చెప్పింది చెప్పినట్టు అందరూ విని, నీళ్లు లేని ఆ మే నెలలో ఒక్క రోజు బిందె తప్పి ఉంటే. ఆ వాక్యాన్ని నేను అప్పుడూ పూర్తిచేయలేదు, ఇప్పుడూ చేయను. అక్క నా చేతిలోంచి నోటుపుస్తకం తీసుకొని, పేజీని నాకు కనబడేలా తిప్పింది. గుర్తుల పక్కన ఆమె తన చేత్తో గీత గీసుకొని ఇంకో గడి చేసుకొంది. నా కోపంలో దాన్ని చూడనే లేదు. మొదటి రోజు: ‘ఎనుము తోక ఎత్తింది.’ రెండో రోజు: ‘ఎత్తింది. కాలు కూడా విదిలించింది.’

సంగతేమిటంటే, సాయిబు మంచి గొట్టం దిగేసిపోగానే, అంత గట్టి ఇనుప గొట్టాన్ని ఉత్తినే ఎందుకు వదలాలని అత్త ఎనుమును గొలుసుతో దానికే కట్టేసింది. మీట నొక్కినప్పుడల్లా కొద్దిపాటి కరెంటు ఆ గొట్టంలోంచి నేలలోకి దిగుతుంది. మనిషికి తెలియదు గానీ, తడి నేలలో నాలుగు కాళ్లతో నిలబడ్డ ఎనుముకు తెలుస్తుంది. అత్త అది ఈగల వల్ల అంది. అక్క వాదించలేదు. మూడో రోజు, అత్తను ఎనుము దగ్గర నిలబెట్టి, తోక ఎత్తినప్పుడల్లా కేకేయమని చెప్పి, తాను లోపలికి పోయి కొన్నిసార్లు మీట నొక్కి, కొన్నిసార్లు ఉత్తినే నిలబడి వచ్చింది. నొక్కిన ప్రతిసారీ కేక వచ్చింది, నొక్కనప్పుడు రాలేదు. నాలుగో రోజు: ‘ఎనుమును చెక్క గుంజకు మార్పించాను. ఉచ్చ గొట్టం దగ్గరికి పారేటట్లు కాలవ తీయించాను. తోక ఎత్తలేదు. పెట్టె కొట్టింది.’ జల చూసే మనిషి కళ్లకు తువ్వాలు కట్టిన నేను, అయిదో తరగతితో బడి మానిన మా అక్క రాసిన ఆ నాలుగు పంక్తులను తల దించుకొని చదివాను. ఆమె ఆ పని చేసి ఉండకపోతే, ఏడో రోజు పొద్దున అక్కకు బదులు ఎనుము పోయి ఉండేదేమో. అత్త దానికి నన్ను ఎప్పటికీ క్షమించేది కాదు.

జూలైలో అక్కకు ఆడపిల్ల పుట్టింది. చుట్టించుకొచ్చిన మోటారు ఇంకో పదేళ్లు నడిచింది. గోడ మీద బొగ్గుతో రాసిన మూడు ఆజ్ఞల్లో మొదటిదాన్ని అత్త సున్నం కొట్టి చెరిపేసింది. మిగిలిన రెండూ ప్రతి పండగకూ సున్నం పడకుండా తప్పించి కాపాడింది. ఆ నల్ల పెట్టే అక్కను బతికించిందని రుజువు చేయగలవా అని ఒక మిత్రుడు నన్ను తర్వాతెప్పుడో అడిగాడు. చేయలేనన్నాను. అది తేల్చాలంటే అదే మోటారును, అదే బండను, అదే మనిషిని పెట్టి, పెట్టె తీసేసి చూడాలి. నా జీవితంలో నేను తెలిసి తెలిసి రుజువు అడగని సంగతి అదొక్కటే.

ఇప్పుడు నేనుండే ఇంట్లో గోడకు అరచేతిలో ఇమిడే తెల్లటి డబ్బా ఉంది. మోటారు ఒంటినుంచి తీగలూ, నేలలో గుంతలూ అక్కర్లేకుండా, పోయిన కరెంటూ తిరిగొచ్చిన కరెంటూ తనే సరిపోల్చుకొని, తేడా వస్తే కట్టేస్తుందట. దాని మీదా ఒక మీట ఉంది. ప్రతి నెలా మొదటి రోజు పొద్దున నొక్కుతాను. ఇంట్లో అందరూ ‘మళ్లీ మొదలుపెట్టాడు’ అంటారు. టక్కుమంటుంది. నోటుపుస్తకం తీసి తేదీ వేసి, గుర్తు పెట్టి, దాని పక్కన అలవాటుగా గీత గీసి ఇంకో గడి చేస్తాను. అందులో రాయడానికి ఏమీ ఉండదు. ఈ ఇంటికి పెరడే లేదు. అయినా పుస్తకం మూసేముందు ఒక్క క్షణం ఆగుతాను, ‘తోక ఎత్తింది’ అని ఎక్కడినుంచో కేక వస్తుందేమోనని.